మహబూబ్ ఖాన్ : బొమ్మతో కథ చెప్పిన దర్శకుడు

మన దేశంలో సినిమా తీసినవాళ్ళు వేలమంది వున్నారు. తీసిన సినిమా తనకంటే పెద్దదై, తన పేరు మరిచినా సినిమా పేరు మరువని స్థితి వచ్చినవాళ్ళు మాత్రం కొద్దిమందే. అలాంటి కొద్దిమందిలో మర్హూమ్ మహబూబ్ ఖాన్ సాహెబ్ ఒకరు. 'మదర్ ఇండియా' అనగానే భుజాన నాగలి మోస్తున్న నర్గీస్ మన కళ్ళ ముందుకు వస్తుంది. ఆ బొమ్మను ముందుగా మనసులో చూసి, తర్వాత తెరమీదికి తెచ్చిన మనిషి ఎవరు, ఎక్కడివాడు, ఎలా ఎదిగాడు అని అడిగితే మాత్రం మనలో చాలామంది తడుముకుంటాం. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని మాకు తెలిసినంతలో క్లుప్తంగా చెప్పదలిచాం.

ఆయన పూర్తి పేరు మహబూబ్ ఖాన్ రంజాన్ ఖాన్. 1907లో గుజరాత్ ప్రాంతంలోని బిలిమోరాలో, ఆనాటి బరోడా సంస్థానంలో పుట్టారు. ఇంట్లో కలిమి లేదు. బడి చదువు పెద్దగా అబ్బలేదు. మనం గొప్పవాళ్ళ చరిత్రలు చదివేటప్పుడు ఫలానా కాలేజీ, ఫలానా డిగ్రీ అని వెతుకుతాం. మహబూబ్ జీవితంలో అవేవీ కనబడవు. ఆయనకు చిన్నప్పుడే పట్టుకున్నది ఒకటే, సినిమా పిచ్చి. ఆ రోజుల్లో సినిమాకు మాట లేదు. తెరమీద బొమ్మ కదిలేది, మధ్యమధ్య అక్షరాలు వచ్చేవి. అక్షరం చదవలేనివాడు బొమ్మ చూసి కథ అల్లుకోవాలి. ఆయన తర్వాతి సినిమాలు చూసినప్పుడు, ఈ అల్లుకునే విద్య ఆయనకు ఆ మూకీల కాలంలోనే వచ్చి వుంటుందని మాకు అనిపిస్తుంది.

జాడీలో దొంగ

చిన్న వయసులోనే మహబూబ్ బొంబాయి చేరారు. సినిమా షూటింగులకు గుర్రాలను సరఫరా చేసే ఒకాయన దగ్గర, గుర్రాల శాలలో నాడాలు కొట్టే పనిలో కుదిరారని చెబుతారు. తర్వాత అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ కంపెనీలో ఎక్స్‌ట్రా వేషాలు దొరికాయి. 1927లో తీసిన మూకీ 'అలీబాబా నలభై దొంగలు' కథలో నలభైమంది దొంగల్లో ఈయన ఒకరు. ఆ కథలో దొంగలు జాడీల్లో దాక్కుంటారు గదా! ముఖం కూడా సరిగా కనబడని వేషం. అలాంటి వేషంతో మొదలైన మనిషి సరిగ్గా పదమూడేళ్ళ తర్వాత, 1940లో, అదే 'అలీబాబా' కథకు తానే దర్శకుడయ్యారు. ఆ పదమూడేళ్ళలో ఆయన ఏం చేశారన్నది మన పిల్లలకు చెప్పదగ్గ సంగతి.

1931లో మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' వచ్చింది. అందులో హీరో వేషానికి మహబూబ్‌ను అనుకున్నారని, చివరికి అప్పటికే పేరున్న మాస్టర్ విఠల్‌కు ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ వేషం వచ్చి వుంటే ఒక మామూలు హీరో మిగిలేవాడేమో! రాకపోవడం వల్ల ఆయన సాగర్ మూవీటోన్ కంపెనీలో చిన్నా చితకా వేషాలు వేస్తూ, మిగిలిన సమయమంతా కెమెరా పక్కన నిలబడి గడిపారు. దీపం ఎక్కడ పెడితే ముఖం మీద నీడ ఎక్కడ పడుతుంది, కెమెరా కిందినుంచి చూస్తే మనిషి ఎంత ఎత్తుగా కనిపిస్తాడు, గుంపును ఎలా నిలబెడితే వందమంది వెయ్యిమందిలా అగుపిస్తారు, ఇలాంటి పాఠాలన్నీ పుస్తకంలో కాదు, కంటితో నేర్చుకున్నారు.

ఆ కంపెనీలోనే ఆయనకు ఫరీదూన్ ఇరానీ అనే ఛాయాగ్రాహకుడు పరిచయమయ్యారు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలని మా మనవి. 1935లో మహబూబ్ మొదటిసారి దర్శకత్వం వహించిన 'అల్ హిలాల్' నుంచి 1962లో తీసిన చివరి చిత్రం 'సన్ ఆఫ్ ఇండియా' వరకు, ఆయన ముఖ్యమైన చిత్రాలు చాలావాటికి కెమెరా పట్టింది ఈ ఇరానీ గారే. ఒకరు మనసులో చూస్తే, ఇంకొకరు దాన్ని ఫిల్ము మీదికి ఎక్కించారు. ఇరవయ్యేడేళ్ళ జోడీ! ఈ రోజుల్లో మూడు సినిమాలు కలిసి చేసేసరికి మాటలు పోతున్నాయి.

మొదటి మెట్లు

'అల్ హిలాల్' కథ తురుష్కులకూ రోమన్లకూ జరిగిన యుద్ధం చుట్టూ తిరుగుతుంది. హాలీవుడ్‌లో సిసిల్ బి. డిమిల్ తీసిన భారీ చిత్రాల ప్రభావం దీనిమీద వుందని విమర్శకులు అంటారు. పెద్ద సెట్లు, సైన్యాలు, గుర్రాలు, బందీలు. కొత్త దర్శకుడికి ఇంత బరువు ఎందుకని అనుకునేవాళ్ళు అనుకున్నారేమోగాని, సినిమా నిలబడింది. తర్వాత వరసగా 'డెక్కన్ క్వీన్', 'మన్‌మోహన్', 'జాగీర్దార్', 'వతన్', 'ఏక్ హీ రాస్తా' వచ్చాయి. నాలుగేళ్ళలో మహబూబ్ సాగర్ కంపెనీకి మూలస్తంభం అయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే రోజుల్లో సాగర్ కంపెనీ ఇంకొక సంస్థతో కలిసి నేషనల్ స్టూడియోస్ అయింది. ఆ పతాకం కింద మహబూబ్ తీసిన మూడు చిత్రాలు 'ఔరత్' (1940), 'బహెన్' (1941), 'రోటీ' (1942). వీటిలో 'ఔరత్'ను గురించి తర్వాత చెబుతాం. 'రోటీ' సంగతి ఇక్కడే చెప్పాలి. డబ్బు మీద ఆశతో మనిషితనం పోగొట్టుకున్న ఒక షావుకారు కథ అది. చంద్రమోహన్ ఆ పాత్ర వేశారు. మన అందరికీ బేగం అఖ్తర్‌గా తెలిసిన గొప్ప గజల్ గాయని కూడా అందులో నటించారు. చివరికి ఆ షావుకారు కారు నిండా బంగారు కడ్డీలతో ఎడారిలో చిక్కుకుని, గుక్కెడు నీళ్ళు లేక ప్రాణం విడుస్తాడు. బంగారం, ఇసుక, ఎండిన నోరు. ఈ మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే ఇంకా ఉపన్యాసం ఎందుకు? అక్షరం ముక్క రాని కూలీకి కూడా అర్థమవుతుంది. మహబూబ్ పద్ధతి మొత్తం ఇందులో వుంది.

సొంత గూడు

ఆ తర్వాత ఆయన సొంతంగా మహబూబ్ ప్రొడక్షన్స్ స్థాపించారు. దాని గుర్తు సుత్తి, కొడవలి. ఆ గుర్తు పక్కనే, ఎవరెంత చెడు తలపెట్టినా దేవుడి నిర్ణయమే జరిగి తీరుతుందన్న భావంగల ఉర్దూ ద్విపద వినిపించేది. సుత్తి కొడవలి ఏమిటి, దేవుడేమిటి అని ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. మహబూబ్ నమాజు తప్పని మనిషి. ఆయన కంటికి సుత్తి అంటే కూలీ, కొడవలి అంటే రైతు. గుర్రాలకు నాడాలు కొట్టిన చేతికి సుత్తి పరాయిది కాదు గదా! చెమటోడ్చేవాడి పక్షం వుండడానికీ, అల్లాను నమ్మడానికీ మధ్య ఆయనకు తగాదా ఏమీ కనబడలేదు.

సొంత సంస్థ మీద 1943లో 'నజ్మా', 'తఖ్దీర్' వచ్చాయి. 'నజ్మా' లక్నో ముస్లిం కుటుంబాల కథ. 'తఖ్దీర్'తో పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె హీరోయిన్‌గా పరిచయమైంది. ఆమే నర్గీస్. 1945లో 'హుమాయూన్' తీశారు. బాబరు కొడుకు ఒక రాజపుత్ర యువరాణిని సొంత చెల్లెలిగా భావించి ఆమె కోసం నిలబడిన కథ అది. దేశంలో మతాల మధ్య అనుమానాలు పెరుగుతున్న ఆ సంవత్సరాల్లో, అన్నాచెల్లెళ్ళ కథను ఎన్నుకోవడం ఊరికే జరిగింది కాదని మా అభిప్రాయం. 1946లో 'అన్‌మోల్ ఘడీ' వచ్చింది. నూర్జహాన్, సురయ్యా, సురేంద్ర పాడుతూ నటించిన ఆ చిత్రంతో నౌషాద్ సంగీతం మహబూబ్ చిత్రాలకు శాశ్వతమైన తోడు అయింది.

1947లో దేశం రెండు ముక్కలైంది. నూర్జహాన్ పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఇంకా ఎందరో కళాకారులు అటూ ఇటూ చెదిరిపోయారు. మహబూబ్ బొంబాయిలోనే నిలబడ్డారు. అదే సంవత్సరం ఆయన తీసిన 'ఏలాన్' ముస్లిం కుటుంబాల్లో విద్య ఎంత అవసరమో చెప్పిన చిత్రం. తాను బడికి పోలేని మనిషి, బడి విలువ గురించి సినిమా తీశాడు. ఆకలి విలువ పస్తున్నవాడికే తెలుస్తుందని మన పెద్దలు అనేది ఇందుకే.

అద్దాల మేడ, రంగుల కోట

1949లో 'అందాజ్' వచ్చింది. బొంబాయిలో కొత్తగా కట్టిన లిబర్టీ థియేటరు ఈ చిత్రంతోనే తెరుచుకుంది. దిలీప్ కుమార్, రాజ్ కపూర్ ఇద్దరూ కలిసి నటించిన చిత్రం ఇదొక్కటే. మధ్యలో నర్గీస్. పల్లెటూరి మట్టి తీసిన చేయి ఈసారి పియానో, మెట్ల వరస, తెల్లటి సోఫాలు, పెద్ద పెద్ద అద్దాలు వున్న బంగళా తీసింది. ఆ ఇంట్లో వెలుతురు ఎక్కువ, మనుషుల మధ్య తెలివిడి తక్కువ. ఒకరి చనువును ఇంకొకరు ప్రేమ అనుకుంటారు, భర్త అనుమానపడతాడు, కథ విషాదంలో ముగుస్తుంది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. 'అందాజ్' చివరికి తప్పంతా ఆధునికంగా బతికిన ఆడపిల్ల మీదికి తోస్తుంది. అనుమానించిన భర్తకు పడే శిక్ష ఏమీ లేదు, జైలు మాత్రం ఆమెకు. ఈనాడు చూసేవాళ్ళకు ఇది మింగుడు పడదు, పడకూడదు కూడా. ఒక మనిషిని గౌరవించడమంటే ఆయన చేసిన ప్రతిదాన్నీ మెచ్చుకోవడం కాదు. మహబూబ్ కన్ను గొప్పది. ఆయన తీర్పు మాత్రం అన్నివేళలా ఆ కంటికి తగ్గట్టు లేదు.

1952లో 'ఆన్' విడుదలైంది. ఇది రంగుల సినిమా. ఆ రోజుల్లో మన దేశంలో రంగుల ఫిల్ము అంటే సామాన్యమైన సంగతి కాదు. ముడి ఫిల్ము విదేశాలనుంచి రావాలి, ఖరీదు చాలా ఎక్కువ, కడిగే లాబొరేటరీలు లేవు. మహబూబ్, ఇరానీ కలిసి ఒక ఉపాయం చేశారు. గేవాకలర్ అనే ఫిల్మును 16 మిల్లీమీటర్ల చిన్న కొలతలో తీసుకుని దానిమీద షూటింగు జరిపారు. తర్వాత లండన్‌లో దాన్ని టెక్నికలర్ పద్ధతిలో 35 మిల్లీమీటర్ల కొలతకు పెంచి ప్రింట్లు వేయించారు. చిన్న బొమ్మను పెద్దది చేస్తే పలచబడుతుంది, చుక్కలు తేలుతుంది. అలా తేలకుండా వుండాలంటే మొదట తీసేటప్పుడే వెలుతురు లెక్క తప్పకూడదు. ఆ లెక్క ఎంత జాగ్రత్తగా వేశారో ఆ సినిమా చూస్తే తెలుస్తుంది.

'ఆన్' కథ పొగరుబోతు రాకుమారి, ఆమె గుర్రాన్ని లొంగదీసిన పల్లెటూరి యువకుడిది. దిలీప్ కుమార్, కొత్తగా వచ్చిన నాదిరా, నిమ్మీ, ప్రేమ్‌నాథ్ నటించారు. గుర్రాలు, కత్తులు, కోటగోడలు, ఎర్రని ఎడ్లబండ్లు, పచ్చని పొలాలు. గుర్రాల శాలలో పనిచేసిన పిల్లవాడు తెరనిండా గుర్రాలు పరిగెత్తించాడు. ఈ చిత్రం లండన్‌లో కూడా ప్రదర్శింపబడింది. అక్కడ దీన్ని వేరే పేరుతో చూపించారు. ఫ్రెంచివాళ్ళు నిమ్మీ వేసిన పాత్ర పేరు మీద 'మంగళ' అని పిలిచారు. మాట తెలియని దేశంలో మన సినిమా ఆడిందంటే కారణం బొమ్మే.

1954లో తీసిన 'అమర్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. చీకటి ఎక్కువ, వెలుగు తక్కువ. గౌరవనీయుడైన ఒక లాయరు ఒక పాలమ్మే పిల్లను బలాత్కరించి, ఆ పాపాన్ని మనసులో దాచుకుని కుమిలిపోయే కథ. హీరోను దోషిగా చూపించే ధైర్యం ఆనాడు ఎంతమందికి వుంది? దిలీప్ కుమార్, మధుబాల, నిమ్మీ నటించినా జనం మెచ్చలేదు. అదే సంవత్సరం బొంబాయి బాంద్రాలో మహబూబ్ స్టూడియో వెలిసింది. ఒకప్పుడు స్టూడియో గేటు దగ్గర వేషం కోసం ఎదురుచూసిన మనిషి సొంత స్టూడియో కట్టుకున్నాడు.

మట్టి ముద్ద

ఇక 'మదర్ ఇండియా' సంగతి. ఇది పూర్తిగా కొత్త కథ కాదు. 1940లో తీసిన 'ఔరత్' కథే. అందులో తల్లి పాత్ర వేసిన సర్దార్ అఖ్తర్‌ను మహబూబ్ తర్వాత వివాహం చేసుకున్నారు. వడ్డీ వ్యాపారి పాత్ర వేసిన కన్హయ్యాలాల్ రెండో సినిమాలో కూడా అదే పాత్ర వేశారు. కెమెరా రెండింటికీ ఇరానీ గారిదే. ఒకే కథను ఒకే దర్శకుడు పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ ఎందుకు తీశాడు? మధ్యలో దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. మొదటి సినిమాలో ఆ తల్లి ఒక పేద రైతు భార్య. రెండో సినిమాలో ఆమె దేశమంతటికీ ప్రతినిధి అయింది.

పేరు విషయంలో చిక్కు వచ్చింది. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మన దేశాన్ని కించపరుస్తూ ఇదే పేరుతో ఒక పుస్తకం రాసింది. అందువల్ల 1955లో కేంద్ర ప్రభుత్వ శాఖలు ఈ సినిమాను అనుమానించాయి. మహబూబ్ మొత్తం స్క్రిప్టు పంపించి, ఇది ఆ పుస్తకానికి బదులు చెప్పే చిత్రమని వివరించుకున్నారు. తల్లిని అవమానించిన పేరునే తీసుకుని తల్లికి పట్టం కట్టడమన్నమాట!

సినిమా ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. ముసలి రాధ నేలమీద కూర్చుని మట్టి ముద్దను ముఖానికి ఆనించుకుంటుంది. ఆమె ముఖంలో ముడతలు, మట్టి బీటలు ఒకేలా వుంటాయి. వెనకనుంచి ట్రాక్టర్లు, యంత్రాలు, కొత్త కాలువ. పాత భూమి, కొత్త దేశం, మధ్యలో ఒక ముసలి తల్లి. ఊరివాళ్ళు కాలువ ప్రారంభించమని ఆమె మెడలో దండ వేస్తారు. ఆ పూల వాసనకు ఆమెకు తన పెళ్ళినాటి దండ గుర్తుకొస్తుంది. అక్కడినుంచి కథ వెనక్కి పోతుంది. ఒక పూలదండతో యాభై ఏళ్ళు దాటించిన ఆ నేర్పును ఏమని చెప్పాలి?

తర్వాత వచ్చే బొమ్మలు మన తరాలకు కంఠతా వున్నవే. బండరాయి కింద రెండు చేతులూ నలిగిపోయిన భర్త. వరదనీటిలో నిలబడి పిల్లలున్న మంచెను భుజాల మీద మోసే తల్లి. ఎద్దులు పోతే తానే కాడి మెడకెత్తుకుని నాగలి లాగే ఆడది. కెమెరాను కింద పెట్టి, మనిషి వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేకుండా ఇరానీ గారు ఆమెను చూపిస్తారు. అప్పటిదాకా అప్పుల్లో కుంగిన పేదరాలు, ఆ బొమ్మలో కొండంత ఎత్తు అవుతుంది. మంచి రోజులు వచ్చి పంట చేతికందినప్పుడు, ఊరి జనం గడ్డితో పొలంలో దేశపటం ఆకారం ఏర్పడేలా నిలబడతారు. ఆ పటం విభజనకు ముందటి దేశానిది. ఆ సంగతి ఒక్క మాటలోనూ చెప్పలేదు. చూసినవాళ్ళకు చూసినంత.

ఈ కథలో అసలు కీలకం ఎక్కడుందో చాలామంది గమనించరు. రాధ అత్తగారు పెళ్ళి ఖర్చు కోసం సుఖీలాలా దగ్గర భూమి తాకట్టు పెట్టి అప్పు తెస్తుంది. షరతులు ఏమిటో కాగితంలో రాసింది అతను. ఇంట్లో ఎవరికీ చదువు రాదు. పంచాయితీ పెట్టినా కాగితమే గెలిచింది. పంటలో మూడు వంతులు వడ్డీ కిందే పోయింది. చిన్నకొడుకు బిర్జూ ఎర్రబడిన కళ్ళతో చూసేదంతా ఆ చిట్టా పుస్తకాన్నే. చివరికి వాడు బందిపోటై వచ్చినప్పుడు ముందుగా తగలబెట్టింది కూడా ఆ లెక్కల పుస్తకాలనే. అక్షరం రాని కుటుంబం ఒక్క సంతకంతో, ఒక్క వేలిముద్రతో మూడు తరాలు ఎలా కూలిపోతుందో ఈ సినిమా చూపినట్టు ఏ ఉపన్యాసమూ చూపలేదు. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదువు వచ్చినవాళ్ళు నూటికి 18 మంది. మిగిలిన 82 మందికి మహబూబ్ ఏ భాషలో చెప్పాలి? బొమ్మ భాషలోనే చెప్పాడు. ఎందుకంటే తానూ ఆ 82 మందిలోంచి వచ్చినవాడే.

కాని ఇంకొక సంగతి. బిర్జూ పుస్తకాలు తగలబెట్టడాన్ని సినిమా సమర్థించదు. వాడు షావుకారు కూతురిని ఎత్తుకుపోతుంటే కన్నతల్లే తుపాకీ పేలుస్తుంది. ఊరి ఆడపిల్ల మానం తన కొడుకు ప్రాణం కంటే ఎక్కువ అంటుంది ఆ తల్లి. అన్యాయం జరిగినవాడికి కోపం రావడం సహజం, ఆ కోపం ఇంకో నిరపరాధి మీద పడితే అది కూడా అన్యాయమే. ఇంత కఠినమైన మాటను ఆయన ఒక్క బొమ్మలో చెప్పారు. కాలువ తెరుచుకున్నప్పుడు మొదట ఎర్రటి నీళ్ళు వస్తాయి. అది కొడుకు రక్తమా, మట్టి రంగా అన్నది మనకే వదిలేశారు. తర్వాత నీళ్ళు తేటపడి పొలాల్లోకి పారతాయి.

షూటింగులో 1957 మార్చిలో ఒక ప్రమాదం జరిగింది. సూరత్ దగ్గర ఉమ్రా గ్రామంలో గడ్డివాములకు నిప్పుపెట్టి చిత్రీకరిస్తుండగా మంటలు చెలరేగి నర్గీస్ చిక్కుకుపోయింది. కొడుకు పాత్ర వేస్తున్న సునీల్ దత్ మంటల్లోకి దూకి ఆమెను బయటికి తెచ్చారు. ఇద్దరికీ కాలిన గాయాలయ్యాయి. మరుసటి సంవత్సరం వాళ్ళు పెళ్ళి చేసుకున్నారు. ఆనాటి పల్లెల రైతులు కూడా ఈ సినిమాకు ఎంతో సాయం చేశారు. వరద, వలస దృశ్యాలకు బండ్లు, ఎడ్లు, పొలాలు ఇచ్చారు. ఆ జనమే తెరమీద జనం. అందుకే అవి వేషాల్లా అనిపించవు.

1957 అక్టోబర్ 25న, దీపావళి రోజుల్లో, బొంబాయి లిబర్టీలో 'మదర్ ఇండియా' విడుదలైంది. అప్పటినుంచి ఎన్ని ఏళ్ళు, ఎన్ని ఊళ్ళు ఆడిందో లెక్క చెప్పడం కష్టం. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి, ఉత్తమ ఛాయాగ్రహణం ఫిలింఫేర్ బహుమతులు దక్కాయి. కార్లోవీ వారీ చలనచిత్రోత్సవంలో నర్గీస్‌కు ఉత్తమ నటి గౌరవం లభించింది. ఆస్కారు పోటీలో విదేశీ భాషా చిత్రాల విభాగంలో తుది అయిదు చిత్రాల్లో నిలిచిన మొదటి భారతీయ చిత్రం ఇదే. ఒక్క ఓటు తేడాతో బహుమతి ఇటలీకి చెందిన ఫెల్లినీ చిత్రానికి పోయిందని చెప్పుకుంటారు. ఓడినా మన ఊరి నాగలి ఆ వేదికదాకా వెళ్ళింది.

మన తెలుగువాళ్ళకు కూడా ఈ కథతో బంధం వుంది. 1971లో తాపీ చాణక్య దర్శకత్వంలో 'బంగారు తల్లి' అనే పేరుతో ఇది తెలుగులో వచ్చింది. తల్లి పాత్ర జమున వేశారు. శోభన్‌బాబు, కృష్ణంరాజు కొడుకులుగా కనిపించారు. మన కృష్ణా గోదావరి రైతుకైనా, పాలమూరు రైతుకైనా ఆ వడ్డీ చిట్టా కొత్తది కాదు గదా!

చివరి రోజులు

ఇంత ఎత్తుకు ఎక్కిన తర్వాత దిగడం తప్పదేమో. 1962లో పెంపుడు కొడుకు సాజిద్‌తో తీసిన 'సన్ ఆఫ్ ఇండియా' ఆడలేదు. 'మదర్ ఇండియా'లో చిన్ననాటి బిర్జూగా కనిపించిన పిల్లవాడే ఈ సాజిద్. బొమ్మ పెద్దదే గాని లోపల కథ పలచబడిందని విమర్శకులు అన్నారు. బొమ్మకు బలం కథలోని బాధనుంచే వస్తుందని మహబూబ్ తన జీవితమంతా చూపించారు. ఆ బాధ లేనప్పుడు రంగులు ఎన్ని వేసినా నిలవదని ఈ చిత్రం చూపించింది. 1963లో ప్రభుత్వం పద్మశ్రీ బిరుదుతో ఆయనను గౌరవించింది. కాశ్మీరు కవయిత్రి హబ్బా ఖాతూన్ జీవితం మీద సినిమా తీయాలని ఆయన ఆలోచిస్తూ వచ్చారు. అది తెరకెక్కలేదు.

1964 మే 27న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ మరణించారు. దేశమంతా దుఃఖంలో మునిగివున్న మరునాడు, మే 28న, మహబూబ్ ఖాన్ గుండెపోటుతో బొంబాయిలో కన్నుమూశారు. యాభై ఏడు కూడా నిండలేదు. బొంబాయి మెరీన్ లైన్స్‌లోని బడా ఖబ్రస్తాన్‌లో ఆయన నిద్రిస్తున్నారు. 2007లో ఆయన శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

ఇప్పుడు సినిమా మారిపోయింది. ఫిల్ము పోయింది, రంగు కడగడానికి లండన్ పోవలసిన పని లేదు, జేబులోని ఫోనుతోనే బొమ్మ తీయవచ్చు. ఇన్ని సౌకర్యాలు వచ్చినా మహబూబ్ బొమ్మలు ఎందుకు నిలిచాయని మేము ఆలోచించినప్పుడు ఒక్క సమాధానం తోచింది. ఆయన అందం కోసం బొమ్మ తీయలేదు. చెప్పవలసిన మాట వుండి, దాన్ని చదువు రాని మనిషికి కూడా చేరవేయాలని తీశారు. ఎడారిలో బంగారు కడ్డీ, భుజం మీద కాడి, మంటల్లో లెక్కల పుస్తకం, కాలువలో ఎర్రనీళ్ళు, ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కొక్క వాక్యం.

మన కుటుంబాల్లో పిల్లవాడు చదువులో వెనకబడితే వాడు దేనికీ పనికిరాడని తీర్మానించేస్తాం. మహబూబ్ సాహెబ్ జీవితం ఆ తీర్మానాన్ని కొట్టివేస్తుంది. అదే సమయంలో ఆయన సినిమా ఇంకో మాట చెబుతుంది. చదువు రాకపోతే భూమి పోతుందని, కొడుకు పోతాడని. రెండూ నిజమే. చేతిలో విద్య వున్న పిల్లవాడిని తక్కువ చేయవద్దు, అక్షరం లేకుండా ఏ పిల్లనూ పిల్లవాడినీ వదిలిపెట్టవద్దు. నాడాలు కొట్టిన ఆ చేతులు మనకు మిగిల్చిన పాఠం ఇదేనని మా నమ్మకం. అల్లా ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక!